సగం కోర్టు కొలువు

నాంపల్లి స్టేషన్ ముందు ఆటో ఎక్కితే, భుజాన రాకెట్ల సంచి చూసి డ్రైవర్లు ఏదో ఒకటి అడగకుండా ఉండరు. ఒకాయన అద్దంలో నన్ను చూస్తూ, "ఏం ఆడ్తరు మేడమ్, షటిలా?" అన్నాడు. టెన్నిస్ అన్నాను. "టీవీల ఎన్నడు చూడలేదే మిమ్మల్ని?" అన్నాడు. నేను ఆడేది డబుల్స్ అనీ, దాన్ని టీవీలో పెద్దగా చూపించరనీ చెప్పాను. ఆయన మొజంజాహీ మార్కెట్ మలుపు తిరిగేదాకా ఆలోచించి, "అంటే సగం కోర్టే గదా మేడమ్ మీకు. ఆరామ్ పని" అన్నాడు.

కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఆ సగం కోర్టులోనే నా బతుకు గడిచింది. నిరుడు ఆట మానేశాను. ఇప్పుడు పొద్దున్నే కోర్టుకు వచ్చే ఆడపిల్లలు కొందరు, "మేడమ్, సింగిల్స్‌లో పైకి రాకపోతే డబుల్స్‌కు పోవచ్చా?" అని అడుగుతున్నారు, రిజర్వేషన్ దొరక్కపోతే జనరల్ బోగీ ఎక్కొచ్చా అన్నట్టు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. గెలిచిన కప్పుల సంగతి ఇందులో ఉండదు. అవన్నీ మా నాన్న అబిడ్స్‌లోని తన కళ్ళద్దాల కొట్లో, ఫ్రేముల మధ్య వరసగా పెట్టుకున్నాడు. చూడాలనుకున్నవాళ్ళు అక్కడికే వెళ్ళి, పనిలో పనిగా కళ్ళజోడు కూడా చేయించుకోవచ్చు.

గోడ పక్క కోర్టు

నేను ఆట నేర్చుకున్నది నాంపల్లిలో ఒక పాత బడి వెనక ఉన్న సిమెంటు కోర్టు మీద. దాని వెనక గోడ ఎంత దగ్గరంటే, బంతి కోసం వెనక్కి జరిగితే వీపు గోడకు తగిలేది. అందుకే అక్కడ ఆడినవాళ్ళెవరూ వెనక నిలబడి ఓపిగ్గా కొట్టే ఆట నేర్చుకోలేదు. అందరం ముందుకు, నెట్ దగ్గరికి ఉరికేవాళ్ళమే. పక్కనే స్టేషను. ఏ రైలు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో అరుస్తూనే ఉండేవారు. దాన్ని మించి మేం అరవాలి. తర్వాత ఏ దేశం పోయినా నా గొంతు పక్క కోర్టుకు వినపడుతోందని అంపైర్లు చెబుతుండేవారు. అది నాంపల్లి చలవ.

మా కోచ్ జబ్బార్ సార్ రైల్వేలో గుమాస్తా. ఆఫీసుకు ముందు, ఆఫీసు తర్వాత మాకు ఆట నేర్పేవారు. నాకు పదిహేడేళ్ళప్పుడు, వరసగా కొన్ని సింగిల్స్ మ్యాచులు ఓడిపోయాక నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"చూడు బేటా, నీయి నవాబు కాళ్ళు. పిలిస్తే రావు. చేతులు మాత్రం జేబుదొంగ చేతులు. ఆ చేతులతోని బతుకుదువు గని, కాళ్ళ మీద ఫికర్ ఇడిసిపెట్టు. రేపటి సంది నెట్ కాడ నిలవడు."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇంత కష్టపడి చివరికి సగం ఆటగత్తెను అయ్యానని నా బాధ. నాన్న ఎవరిదో కళ్ళద్దం తుడుస్తూ విని, "కండ్లజోడుకు రెండద్దాలుంటయి బిడ్డా. ఒక్కటే పెట్టుకొని ఎవడన్న తిరుగుతడా?" అన్నాడు. ఆయనకు టెన్నిస్‌లో పాయింట్లు ఎలా లెక్కపెడతారో ఇప్పటికీ తెలీదు. కానీ డబుల్స్ గురించి అంతకన్నా బాగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

అందుకని పిల్లలకు ముందే చెబుతున్నాను. సింగిల్స్ రానివాళ్ళు తలదాచుకునే చోటు కాదిది. సింగిల్స్‌లో గొప్పగా ఆడే అమ్మాయిలు మా మధ్యకు వచ్చి, నెట్ దగ్గర ఎటు జరగాలో తెలియక దిక్కులు చూడటం నేను ఎన్నోసార్లు చూశాను. ఇక్కడ కాళ్ళకన్నా చెవులు, చేతులు, నోరు ఎక్కువ పని చెయ్యాలి. ముఖ్యంగా నోరు.

గీత లోపల అక్క లేదు

జబ్బార్ సార్ నాకు జత చేసింది గ్రేస్ అక్కను. సొంతూరు మెదక్. వాళ్ళమ్మ అక్కడి మిషన్ దవాఖానలో నర్సు. గ్రేస్ అక్క సికింద్రాబాద్‌లో పిన్ని ఇంట్లో ఉండి బస్సు మీద కోర్టుకు వచ్చేది. నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఆదివారం చర్చి అయ్యేదాకా రాకెట్ ముట్టేది కాదు. ఎవరికి ఏ వస్తువు ఇచ్చినా కుడిచేత్తోనే, రెండో చెయ్యి మోచేతికి ఆనించి ఇచ్చేది. అంత మర్యాదస్తురాలు. మా ఇంట్లో నాకూ అదే పెంపకం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి మ్యాచ్‌లో అవతలివాళ్ళు బంతిని మా ఇద్దరి మధ్యకు కొట్టారు. పెద్దది ఉండగా నేను చెయ్యి చాపడమేమిటని నేను ఆగాను. చిన్నపిల్ల సరదా పడుతుందేమో కొట్టనీ అని ఆమె ఆగింది. బంతి మా ఇద్దరి మధ్య నుంచి నింపాదిగా వెళ్ళి గోడకు తగిలింది. మరుసటి పాయింటూ అంతే. ఆ మ్యాచ్ మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఓడిపోయాం.

జబ్బార్ సార్ తల పట్టుకున్నారు. "ఏందమ్మా ఇది? దావత్‌ల ఆఖరి ముక్క లెక్క, నువ్వు తీస్కో అంటే నువ్వు తీస్కో అని ఇద్దరు చూసుకుంట నిలవడ్డరు! వాళ్ళొచ్చి తిని పాయె!"

ఆ రోజు నుంచి ఆయన ఒక కట్టడి పెట్టారు. తెల్లగీత బయట ఎన్ని అక్కలైనా, ఎన్ని దండాలైనా పెట్టుకోవచ్చు. గీత లోపలికి కాలు పెట్టాక అక్క లేదు, చెల్లి లేదు. పేర్లే. "అక్కా అనేలోపు బంతి చాదర్‌ఘాట్ దాటుతది" అన్నారు.

చెప్పినంత తేలిక కాదది. నోరు తిరగడానికి నాకు నెలలు పట్టింది. చివరికి ఒకరోజు బంతి ఆమె నెత్తి మీదుగా వస్తుంటే, "గ్రేస్, దప్పుకో!" అని స్టేషన్ దాకా వినపడేటట్టు అరిచాను. ఆమె తప్పుకుంది, నేను కొట్టాను, పాయింటు వచ్చింది. చెట్టు కింద కూర్చున్న మా అమ్మ మాత్రం చివాలున లేచింది. "పెద్దదాన్ని పట్టుకొని పేరు పెట్టి పిలుస్తవా? దప్పుకో అంటవా? ఇదేనా వీళ్ళు నేర్పేది?" అని అక్కడికక్కడే కడిగేసింది. గ్రేస్ అక్క నవ్వాపుకోలేక నెట్ పట్టుకుని నిలబడింది. ఆట అయ్యాక అమ్మ చల్లబడటానికి ముగ్గురం మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీం తినాల్సి వచ్చింది.

తర్వాత ఎంతోమంది మన పిల్లల జంటల్లో ఇదే జబ్బు చూశాను. బయటి దేశాలవాళ్ళు మధ్య బంతికి కొట్టుకు చస్తారు, మనం మర్యాదకు చస్తాం. మీలో ఎవరికైనా ఈ జబ్బుంటే ముందు అది వదిలించుకోండి. సర్వీసు సంగతి తర్వాత.

వీపు వెనక చెయ్యి

డబుల్స్‌లో ఒకరు వెనక నుంచి సర్వీసు చేస్తుంటే, రెండోవారు నెట్ దగ్గర నిలబడి, వీపు వెనక చేతితో సైగ చేస్తారు. పిడికిలి బిగిస్తే నేను కదలను అని. అరచెయ్యి విప్పితే నేను అవతలి వైపు ఉరుకుతున్నా, నా జాగా నువ్వు చూసుకో అని. ఎదుటివాళ్ళకు ఇది కనపడదు. దోమలకు మాత్రం కనపడుతుంది. ఒక సముద్రపు ఊళ్ళో, గెలవబోతున్న మ్యాచ్‌లో, పిడికిలి చూపించిన మరుక్షణం వీపు మీద దోమ కుట్టింది. అయిదు వేళ్ళూ విప్పి గోక్కున్నాను. గ్రేస్ అక్క పాపం నా వైపు ఉరికొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఇద్దరం ఒకే మూల నిలబడి, ఖాళీగా ఉన్న రెండో సగంలో బంతి ఎలా పడుతుందో చూశాం.

"గోకుడు కూడా సైగ చేసి గోకు" అంది ఆమె. అప్పటి నుంచి దోమల ఊళ్ళలో నేను వీపు నిండా కప్పే చొక్కా వేసుకునే ఆడాను.

ఈ ఉద్యోగంలో మీకు బాసు ఎవరని అడుగుతారు. పార్ట్‌నరే. ఆమెకు బాసు మీరు. ఒకే గదిలో పడుకుంటారు, ఒకే బాల్చీలో బట్టలు నానబెడతారు, ఒకరి ఓటమి ఇంకొకరు మోస్తారు. పెద్ద టోర్నమెంట్లలో చోటు దొరకడం కూడా ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసే ఇస్తారు. అందుకే జంటలు విడిపోవడం, కొత్తగా కట్టుకోవడం ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. ఆ కబురు మొహం మీద చెప్పడమే మా దగ్గర పద్ధతి. ఫోన్లో మెసేజి పంపి తప్పుకునేవాళ్ళూ ఉన్నారు. అలాంటివాళ్ళకు మంచి ఆట ఉన్నా, రెండు మూడేళ్ళకు అడిగేవాళ్ళు ఉండరు.

నాకూ గ్రేస్ అక్కకూ ఆ గొడవ రాలేదు. వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు కూడా.

"బాగ ఆడినం"

మేమిద్దరం ముప్ఫై దాటాక గడ్డి కోర్టుల మీద జరిగే ఒక పెద్ద గ్రాండ్‌స్లామ్‌లో మాకు చోటు దొరికింది. అలాంటి పెద్దవాటిలో అంతకుముందు కొన్నిసార్లు ఆడాం గానీ ప్రతిసారీ మొదటి రౌండులోనే ఓడి ఇంటికొచ్చాం. ఆ టోర్నమెంటుకు రెండు రోజుల ముందు గ్రేస్ అక్క కుడి భుజం పట్టేసింది. చాలాకాలంగా నలుగుతున్న భుజమే. డాక్టరు చూసి, చెయ్యి తల పైకెత్తితే లోపల నరం తెగొచ్చని, ఇక ఆట చాలించుకోవడం మంచిదని చెప్పాడు. ఆమె బల్ల మీద కూర్చుని, ఎవరో పక్కింటి మనిషి సంగతి విన్నట్టు తలూపింది.

బయటికొచ్చాక నేను, "పేరు తీసేసుకుందాం అక్కా. భుజం కన్నా ఎక్కువనా ఇది?" అన్నాను.

"తీసేసుకుంటే మా అమ్మకు ఏం చెప్పాలె?" అంది. "ఇసొంటి పెద్ద టోర్నమెంట్ల కాడికెల్లి ఫోన్ చేసినప్పుడల్ల ఇన్నేండ్ల సంది ఒక్కటే మాట చెప్తున్న. బాగ ఆడినం అమ్మా, బాగ ఆడినం. ఒక్కసారన్న గెలిచినం అని చెప్పాలె గదనే సుధా. ఒక్కటంటే ఒక్క మ్యాచ్."

"చెయ్యే లేవకపాయె. సర్వీసు ఎట్ల చేస్తవ్?"

"పైకి లేవదు. కిందికెల్లి లేస్తది గద."

చిన్నపిల్లలు మొదట్లో నేర్చుకునేటట్టు, నడుం దగ్గర నుంచి రాకెట్ ఊపి కింది సర్వీసు చేస్తానంటోంది. రూల్సు ఒప్పుకుంటాయి. మనసు ఒప్పుకోదు. అంత పెద్ద టోర్నమెంటులో ఎవరైనా అలా చేస్తే వెక్కిరింపు అనుకుంటారు. డాక్టర్ని అడిగాం. తల మీదికి చెయ్యి వెళ్ళదంటే ఒక్క మ్యాచ్ ఆడుకోమన్నాడు. పైనుంచి వచ్చే బంతులన్నీ నేనే కొట్టాలని ఒప్పందం.

మమ్మల్ని వేసింది వంటశాల వెనక, అన్నిటికన్నా చివరి కోర్టులో. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. చూసేవాళ్ళు పది, పదిహేనుమంది ఉంటారేమో. ఎదుట ఇద్దరు తాటిచెట్లంత పొడుగు అమ్మాయిలు. గ్రేస్ అక్క మొదటి కింది సర్వీసు చేయగానే బెంచీల మీద నవ్వులు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మొదటి సెట్ మొత్తం ఆ పొడుగు పిల్లలు మమ్మల్ని ఉతికి ఆరేశారు.

రెండో సెట్‌లో ఒక సంగతి గమనించాను. గ్రేస్ అక్క రాకెట్‌తో బంతిని కోసినట్టు కొడుతోంది. గడ్డి మీద అది లేవకుండా జారిపోతోంది. అంత పొడుగు పిల్లలు దానికోసం నేల దాకా వంగాలి. వంగి కొడితే బంతి మెల్లగా పైకి లేస్తుంది, నెట్ దగ్గర నా చేతుల్లోకే వస్తుంది. "ఇంకా కిందికి!" అని అరిచాను. ఇంకా కిందికి చేసింది. నవ్వినవాళ్ళు ముందుకు వంగి చూడటం మొదలుపెట్టారు. రెండో సెట్ మాది.

వాళ్ళూ తెలివిగలవాళ్ళే. గ్రేస్ అక్క చెయ్యి లేవడం లేదని పసిగట్టి, బంతులన్నీ ఆమె తల మీదుగా ఎత్తడం మొదలుపెట్టారు. ప్రతిదానికీ నేను అడ్డంగా ఉరకాలి. ఆ నవాబు కాళ్ళు జీవితంలో మొదటిసారి పిలిస్తే వచ్చాయి, ఎందుకొచ్చాయో నాకిప్పటికీ తెలీదు.

మూడో సెట్‌కు ముందు, "ఈసారి మొదటి సర్వీసు నేను చేస్తా" అన్నాను, ఆమెకు భారం తగ్గుతుందని. "వద్దు. భుజం వేడి మీదుంది, నేనే మొదలు చేస్త" అంది. ఆ లెక్కన అయిదు–నాలుగుతో మేం ముందున్నప్పుడు, ఇంకొక్కటి గెలిస్తే మ్యాచ్ మాదయ్యే గేములో, సర్వీసు ఆమెకే వచ్చింది. నెట్ దగ్గర నిలబడి వెనక్కి చూడలేకపోయాను. చూస్తే నా మొహంలో భయం ఆమెకు కనపడుతుంది. ఎన్నోసార్లు ఓడినవాళ్ళం, ఓడటం మాకు కొత్త కాదు. కానీ ఆ రోజు ఓడితే ఆమెకు మళ్ళీ ఆడే రోజు లేదు.

మ్యాచ్ పాయింట్. బంతి గడ్డి మీద జారింది. అవతలి అమ్మాయి దాదాపు మోకాలి మీద కూర్చుని ఎత్తింది. అది నా తల మీదుగా పోయింది. నేను వెనక్కి తిరిగేలోపే, "సుధా, నీదే! ఉరుకు!" అని గ్రేస్ అక్క కేక. ఉరికాను. ఎలా తగిలిందో చూసుకోలేదు. చప్పట్లు వినపడ్డాక తల ఎత్తాను.

ఆట అయ్యాక నలుగురం నెట్ దగ్గర చేతులు కలపాలి. గ్రేస్ అక్క కుడిచెయ్యి ఎత్తబోయింది, లేవలేదు. ఆ మర్యాదస్తురాలు ఎడమచెయ్యి చాపి, ఏమీ అనుకోవద్దని వాళ్ళను బతిమాలింది. ఆ పొడుగు పిల్లలిద్దరూ వంగి ఆమెను కావిలించుకున్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను, సిగ్గేం లేదు.

గదికి వచ్చాక వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. "అమ్మా, గెలిచినం" అంది. అవతల నుంచి ఆ పెద్దామె గొంతు నాకూ వినపడింది. "అట్లనా బిడ్డా! బాగ ఆడిన్రా?"

"లేదమ్మా. అస్సలు బాగ ఆడలే. గెలిచినం."

పెళ్ళిచూపులు

మరునాడు పొద్దున భుజం చూసి డాక్టరు ఇక కుదరదన్నాడు. రెండో రౌండు నుంచి పేరు తీసేసుకున్నాం. భోజనాల హాల్లో నేను గ్రేస్ అక్క పక్కన, ఆమ్లెట్ ముందు కూర్చుని, ఈ మనిషి లేకుండా నేను ఎక్కడ నిలబడతాను అని ఆలోచిస్తున్నాను. ఇంకొకరితో ఆడాలన్న ఊహే నాకు లేదు. ఆమెతో పాటు నేనూ మానేద్దామని దాదాపు నిశ్చయించుకున్నాను.

అప్పుడు చెక్ దేశపు అమ్మాయి యానా పళ్ళెం పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది. మంచి ర్యాంకు ఉన్న డబుల్స్ ఆటగత్తె. ఆమె పార్ట్‌నర్ ఆ టోర్నమెంటుతో ఆట మానేస్తోంది. కూర్చుని నాకేసి చూసి, "మీ అక్క నాకు అంతా చెప్పింది. నాకు ఇష్టమే" అంది ఇంగ్లీషులో.

నాకేమీ అర్థం కాలేదు. మా వృత్తిలో ఎవరి పార్ట్‌నర్‌ను వాళ్ళే వెతుక్కుంటారు. ఇంకొకరి తరఫున అడిగే ఆనవాయితీ ఎక్కడా లేదు. మ్యాచ్‌కు ముందురోజే, భుజానికి పట్టీ వేయించుకుని, గ్రేస్ అక్క నా కోసం యానాను అడిగి వచ్చిందట.

నా ఎదుటే మిగతా పెళ్ళిచూపులు నడిచాయి. పెళ్ళికూతురిలా నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎడమవైపు ఆడితేనే దీని చేతులు పనిచేస్తాయి అని చెప్పింది గ్రేస్ అక్క. పెద్దగా ఉరకదు, నిన్న ఉరికింది కదా అని ఆశ పెట్టుకోవద్దు అంది. ఓడిపోతే కాసేపు మాట్లాడదు, కంగారు పడకు, చాయ్ తెచ్చి పక్కన పెట్టు, అదే మాట్లాడుతుంది అంది. యానా అన్నిటికీ బుద్ధిగా తలూపి, చెయ్యి కలిపి, వెళ్ళిపోయింది.

ఆమె దూరం పోయేదాకా ఆగి, "నన్నొక్క మాట అడగొద్దా అక్కా?" అన్నాను. పళ్ళెం పక్కకు నెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

"అడిగితే వద్దని ఏడుస్తువు. గిప్పుడు ఊకెనే ఏడుస్తున్నవు. గిదే నయం." ఎడమచేత్తో నా పళ్ళెం నా ముందుకు జరిపింది. "తిను. పదింటికి కోర్టు బుక్ చేసిన, మీ ఇద్దరికి."

"మరి నువ్వు?"

"బెంచి మీద కూసుంట. ఇన్నేండ్లు నీ పక్కపొంటి నిలవడ్డ. నువ్వెట్ల ఆడ్తవో ఒక్కనాడన్న కూసొని సూడలే."